అనగా, అన్నప్పుడల్లా

కనుమూరి వారింట్లో ఆదివారం భోజనాలు వడ్డిస్తుండగా పాత అల్లుడు లోపలికి వచ్చాడు. తలుపు ఎవరూ తీయలేదు. ఆయన్ని చూసి అదే తెరుచుకుంది. కొత్త అల్లుడు అప్పటికే విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు.

మర్నాడు కనుమూరి వజ్రమ్మ ఫిర్యాదుల గదికి వచ్చి జొన్నాడ వకుళ ఎదురుగా కూర్చుంది.

"పిల్ల మొగుణ్ని మార్చుకుంది గానీ మా తలుపు మార్చుకోలేదమ్మా," అంది. "వచ్చినవాడు ఊరికే పోయాడా? పప్పులో ఉప్పు తక్కువని పేరు పెట్టి మరీ పోయాడు."

"అల్లుడంటే ఎవరని చెప్పారండీ యంత్రానికి?"

"అల్లుడు అనగా పెద్దమ్మాయి మొగుడు అని చెప్పాం. అందులో తప్పేముంది?"

"ఎప్పుడు చెప్పారు?"

"మొదటి పెళ్లినాడు."

"అనగా అన్నారు కాబట్టి ఆ రోజు మొగుడెవరో ఆయన దగ్గరే ఆగిపోయిందండీ. అన్నప్పుడల్లా అనుంటే రోజూ చూసుకునేది."

"అన్నప్పుడల్లా అంటే ఇంకో మొగుడు కూడా వస్తాడనా?"

"నేనేం అనలేదండీ."

పక్క బల్ల దగ్గర కూర్చున్న కరీమున్నీసా మొహం అటు తిప్పుకుని నవ్వింది.

కుజపురం అంగారకుడి మీద, నేల లోపల తవ్విన ఊరు. భూమి లెక్కలో అది 2141వ సంవత్సరం. ఊళ్లో మూడు వేల మంది ఉంటారు. తలుపులు, గాలి గొట్టాలు, నీళ్ల పంపులు, పొయ్యిలు అన్నీ ప్రోగ్రాములతోనే నడుస్తాయి. అంతరిక్షం నుంచి పడే కిరణాలు అక్కడి కంప్యూటర్ల మెమరీలో అక్షరాలను తారుమారు చేస్తాయి. నిన్నటి ప్రోగ్రామును ఇవాళ నమ్మడానికి లేదు. ఊరు కట్టిన కొత్తలో ఒక గాలి తలుపు తనంతట తాను తెరుచుకుని ఒక కుటుంబం మొత్తం చనిపోయింది.

ఆ తర్వాత వచ్చింది అచ్చుయంత్రం. భూమి మీద దీన్ని కోడ్ జనరేటర్ అనేవారు. ఇది ప్రోగ్రాములను దాచదు, మూసలను దాస్తుంది. మూస అంటే టెంప్లేట్, అక్కడక్కడ ఖాళీలు వదిలి రాసిన ప్రోగ్రాము. మూసలను గాజు పలకల మీద చెక్కారు. గాజును కిరణాలు ఏమీ చేయలేవు. ఏ ఖాళీలో ఏం పడాలో నిర్వచనాలు చెబుతాయి. అవీ గాజు మీదే ఉంటాయి. రోజూ తెల్లవారగానే యంత్రం మూసలు తీసి, ఖాళీలు నింపి, ఊరంతటికీ ఆ రోజుకు కావలసిన ప్రోగ్రాములు కొత్తగా అచ్చు వేస్తుంది. పాతవి పారేస్తుంది.

నిర్వచనాన్ని నోటితో చెప్పాలి. ముందు పేరు, చివర విలువ, మధ్యలో రెంటినీ కలిపే ముడి. ముడులు రెండే. 'అనగా' అంటే యంత్రం ఆ క్షణాన విలువ ఎంతో, ఎవరో చూసి, అదే గాజు మీద చెక్కేస్తుంది. ఇక అది మారదు. 'అన్నప్పుడల్లా' అంటే ఏమీ చూడదు. చెప్పిన మాటను చెప్పినట్టే చెక్కి, ప్రతి ఉదయం అచ్చు వేసేటప్పుడు వెళ్లి చూసుకుంటుంది. చెక్కినదాన్ని చెరపడం కుదరదు. అదే పేరుకు కింద ఇంకో పంక్తి చెప్పుకుంటే యంత్రం కిందిదాన్నే పట్టుకుంటుంది. వజ్రమ్మ ఆ రోజు చేసింది అదే.

ఇంట్లో పేర్లకు ఇంటివాళ్లు విలువలు చెప్పుకుంటారు. ఊరి పేర్లకు చెప్పే అధికారం ఒక్క కర్తకే ఉంటుంది, లేదా కర్త ఎవరికి ఇస్తే వాళ్లకు. కర్త ఎవరన్నది మాత్రం ఊరి సభ తేలుస్తుంది. సభ పేరు చదివాక ఆ మనిషి యంత్రం వినేటట్టు "నేనే" అనాలి.

యంత్రం అచ్చు వేసే ప్రతి ప్రోగ్రాము పైనా అది ఎవరు చేసిందో చెప్పే పంక్తి ఒకటి ఉంటుంది. తలుపులకు గొంతు ఉంది కాబట్టి తెరుచుకున్న ప్రతిసారీ అవి ఆ పంక్తిని చదువుతాయి. "కర్త మల్లెల కోదండపాణి." ఊళ్లో అది ఎవరికీ వినపడటం మానేసి చాలాకాలమైంది. ఫ్యాను కింద ఉండేవాళ్లకు ఫ్యాను చప్పుడు వినపడనట్టే. వకుళకు మాత్రం వినపడేది. పడకగదిలో, వంటగదిలో, స్నానాలగదిలో ఇరవై ఏళ్లుగా వింటూనే ఉంది.

యంత్రం ఆమెది. మూస అన్న మాట, రెండు ముడులు, గాజు మీద చెక్కాలన్న ఆలోచన ఆమెవే. కోదండపాణి అచ్చుశాలలో, అంటే యంత్రం ఉన్న గదిలో, ఆమెతో పనిచేశాడు. మొదటి అచ్చుకు ముందు వారం ఆమె ఊపిరితిత్తుల్లోకి దుమ్ము పోయి ఆసుపత్రిలో ఉంది. సభ కర్త ఎవరని అడిగింది. కోదండపాణి "నేనే" అన్నాడు. ఆమె లేచి వచ్చి ఫిర్యాదు చేస్తే సభ ఆయన్ని మళ్లీ అడిగింది. "ఆవిడ సాయం చేసింది, కాదనను," అన్నాడు. ఆమె గీసుకున్న కాగితాలు అప్పటికే అచ్చుశాలలో లేవు. ఆమెను ఫిర్యాదుల గదికి వేశారు.

ఆ రోజు నుంచి వకుళ ఆయన పేరును నోట పలకలేదు. 'ఆ మనిషి' అనేది.

"పూర్వం మొగుడి పేరు చెప్పేవాళ్లు కాదంట. నువ్వు ఆయన పేరు చెప్పవేంటే?" అనేది కరీమున్నీసా.

"మొగుడైతే చెప్పేదాన్నే," అనేది వకుళ.

ఆ ఏడు ఊరికి తూర్పున కొత్త విభాగం తవ్వారు. గాలి నింపారు. తలుపులు తెరుచుకోలేదు. అచ్చుశాలలో ఎవరికీ కారణం దొరకలేదు. కోదండపాణి మనిషిని పంపకుండా తనే ఫిర్యాదుల గదికి వచ్చాడు.

"వకుళా, ఒక్క పూట రావాలి."

"దేనికండీ?"

"తూర్పు తలుపులు. అందరం చూశాం. మూసలో తప్పులేదు."

"అవతలి గాలికి ఏం చెప్పారు?"

"అవతలి గాలి అనగా అవతలి కొలత."

"గాలి నింపక ముందు చెప్పారా?"

ఆయన తల ఊపాడు.

"అప్పుడు గాలి లేదు. లేదనే చెక్కింది. తలుపు ఇవాళ్టికీ అవతల గాలి లేదనుకుంటోంది. తెరిస్తే చస్తారని తెరవడం లేదు," అంది వకుళ. "పాత అల్లుడు వచ్చినట్టే."

"ఏ అల్లుడు?"

"మీకు తెలియదులెండి."

అచ్చుశాలలో ఆయన ఆ పూటకు ఆమెకు అధికారం ఇచ్చాడు. యంత్రం ముందు కుర్చీ జరిపాడు.

"ఇరవై ఏళ్లయింది. ఇంకా కోపమేనా?" అన్నాడు. "పేరులో ఏముంది చెప్పు. పని నడుస్తోందా లేదా?"

"నడుస్తోందండీ."

"ఇవాళ సాయంత్రం తూర్పు విభాగం వాళ్లు నాకు సన్మానం పెట్టారు. నువ్వూ రా. వెనకాల కూర్చో, పర్వాలేదు."

ఆయన వెళ్లాడు. తలుపు ఆయన పేరు చెప్పి మూసుకుంది.

వకుళ అవతలి గాలికి కొత్త పంక్తి చెప్పింది. పని అయిపోయింది. ఆమె లేవలేదు.

తలుపుల మూసలో ఒక మాట ఉంది. దొంగ గుమ్మం దగ్గర ఉంటే తలుపు తెరవకూడదు. అచ్చు వేసేటప్పుడు ఏ గదిలో ఉంటే ఆ గదిలోనే ఉండిపోవాలి. అన్నం కిటికీలోంచి ఇవ్వవచ్చు. దొంగ నోటి మాట యంత్రానికి చెల్లదు. ఇదంతా ఆమె రాసిందే. 'దొంగ అనగా ఎవరూ కారు' అని మొదటి ఏడాది చెక్కారు. ఊళ్లో దొంగతనం జరగలేదు కాబట్టి ఆ పంక్తి అలాగే ఉంది.

"దొంగ అనగా కర్త," అంది వకుళ.

"కర్త విలువ చూశాను," అంది యంత్రం. "అనగాతో కట్టిన విలువ ఇక మారదు. చెక్కడానికి ముందు ఆ విలువ మీ నోటితో పలకాలి. దొంగ ఎవరు?"

ఈ నియమం కూడా ఆమె పెట్టిందే. తొందరలో ఎవరూ తప్పు విలువ చెక్కించకూడదని పెట్టింది. వకుళ నోరు తెరిచింది. ఆ పేరు రాలేదు. నాలుకను పళ్ల మధ్య పట్టుకుని కొంతసేపు కూర్చుంది.

"దొంగ ఎవరు?" అంది యంత్రం మళ్లీ.

"వద్దు. కొట్టెయ్," అంది. "దొంగ అన్నప్పుడల్లా కర్త."

"చూడవలసిన విలువ ఇప్పుడేమీ లేదు. చెక్కమంటారా?"

రెండు ముడులకూ తేడా ఆమె కంటే తెలిసినవాళ్లు లేరు. ఆ తేడా ఇక్కడ అక్కర్లేదనుకుంది. కర్త మారితే కదా దొంగ మారేది. ఆ మనిషి కర్త అన్న పేరు ప్రాణం పోయినా వదలడు.

"చెక్కు," అంది.

మర్నాడు కోదండపాణి పడకగది తలుపు తెరుచుకోలేదు. ఆయన పక్కకు జరిగితే భార్య బయటికి రాగలిగింది. ఆయన గుమ్మం దగ్గరికి వస్తే మూసుకుంది. అచ్చుశాల వాళ్లు గాజు చూశారు. పంక్తి ఉంది, చెప్పినవాళ్ల పేరూ ఉంది. దాని కింద ఇంకో పంక్తి చెప్పాలంటే కర్తే చెప్పాలి. కర్త దొంగ కాబట్టి ఆయన మాట చెల్లదు. ఇంకొకరికి అధికారం ఇవ్వాలన్నా అదే మాట. యంత్రాన్ని ఆపి గాజు మార్చాలంటే ఊరికి గాలి ఆపాలి. ఒక్క మనిషి కోసం అది చేస్తామని ఎవరూ అనలేదు.

వారం తర్వాత సభ ఆయన పడకగది ముందు నడవలో కూడింది. సభకు పెద్ద సువార్తమ్మ. ఆమెకు కుర్చీ వేశారు. మిగతావాళ్లు నిలబడ్డారు. యంత్రం వినడానికి ఒక మైకు తెచ్చి గోడకు తగిలించారు. కోదండపాణి తలుపుకున్న జాలీ వెనక ఉన్నాడు.

"ఎందుకు చెప్పావమ్మా ఆ మాట?" అంది సువార్తమ్మ.

"ఆ పూట అధికారం నాదండీ. తప్పయితే ఆయన్నే దిద్దుకోమనండి."

"దొంగ నోరు చెల్లదుగా."

"చెల్లదండీ."

వెనక ఎవరో అన్నారు: "కర్త అని ఇంకెవరి పేరైనా పెడితే పోలా? చచ్చినవాళ్ల పేరు పెట్టండి."

"చచ్చినవాళ్లొచ్చి నేనే అంటారా? నువ్వంటావా పోనీ?" అంది సువార్తమ్మ. అన్నవాడు గోడ వైపు జరిగాడు. యంత్రం చేసినప్పుడు నేనూ ఉన్నానని ఊళ్లో చెప్పుకునేవాళ్లు చాలామంది ఉండేవారు. ఆ రోజు నడవలో వాళ్లెవరూ నోరు మెదపలేదు.

అప్పుడు జాలీ వెనక నుంచి కోదండపాణి మాట్లాడాడు.

"సభవారికి ఒక మాట. ఇరవై ఏళ్ల కిందట నేను అబద్ధం చెప్పాను. యంత్రం వకుళది. మూసలు ఆవిడవి, ముడులు ఆవిడవి. ఆవిడ కాగితాలు నేనే తగలబెట్టాను. కర్త అని ఆవిడ పేరు పెట్టండి."

నడవలో గోల లేచింది. కరీమున్నీసా వకుళ చెయ్యి పట్టుకుంది. గోల తగ్గాక కోదండపాణి, "తీసుకో వకుళా, నీ పేరు," అన్నాడు. ఆయన గొంతులో నవ్వు ఉంది. వారం రోజులుగా ఆయన 'దొంగ అన్నప్పుడల్లా కర్త' అన్న పంక్తినే చదువుతున్నాడు.

వకుళకు అర్థమైంది. సువార్తమ్మకూ అర్థమైంది.

"అమ్మాయ్, తొందరపడకు," అంది సువార్తమ్మ. "నువ్వు నేనే అంటే రేపటి అచ్చుకు కర్తవీ నువ్వే, దొంగవీ నువ్వే. కాదంటే ఆయన లోపలే ఉంటాడు. కాదన్న మాట కూడా గాజు మీదికి ఎక్కుతుంది. మళ్లీ అడగడం ఉండదు."

కరీమున్నీసా చెవిలో అంది: "కాదనేసెయ్. వాడే లోపల కుళ్లుతాడు. నువ్వు కోరుకుందీ అదేగా. పద ఇంటికి."

"నేను కాదననా?"

"ఒక్క మాట. ఎవరికి తెలీదు నువ్వేనని?"

"ఆ ఒక్క మాట నాచేత అనిపించాలనే వాడి ఏడుపు," అంది వకుళ. ఆమె సువార్తమ్మ వైపు తిరిగింది. "ఆయన చెప్పింది వెనకవాళ్లకు వినపడలేదండీ. ఇంకోసారి చెప్పమనండి."

కోదండపాణి ఇంకోసారి చెప్పాడు. కాగితాల దగ్గర ఆగాడు.

"కాగితాల సంగతి?" అంది వకుళ.

"తగలబెట్టాను," అన్నాడు.

సువార్తమ్మ మైకు వైపు తిరిగి చదివింది. "కర్త జొన్నాడ వకుళ. అవునా?"

"నేనే," అంది వకుళ.

తెల్లవారే దాకా ఆమె తిరగవచ్చు. ఇంటికి వెళ్లి బట్టలు సర్దుకుంది. ఇంట్లో ఉండలేదు. భోజనశాలకు వెళ్లే నడవలో ఒక గది ఖాళీగా ఉంటే సభను అడిగి తీసుకుంది. కిటికీ లేకపోయినా పర్వాలేదంది. అన్నం పెట్టడానికి తలుపు పక్కన చిన్న అర ఉంది, చాలంది. ఆ గది పక్కనే నడవ తలుపు. ఆదివారాలు తప్ప ఊరంతా రెండు పూటలా ఆ తలుపులోంచే భోజనానికి వెళ్తుంది. ఊళ్లో భోజనశాల ఒక్కటే.

మర్నాటి అచ్చుతో ఆమె తలుపు మూతపడింది. నడవ తలుపు తెరుచుకుంది. "కర్త జొన్నాడ వకుళ," అంది. వెనక వచ్చినవాళ్లకు మళ్లీ అంది. ఆ పేరు కొత్త కాబట్టి జనం ఆగి విన్నారు. కొందరు ఆమె జాలీ దగ్గరికి వచ్చి చూశారు. అచ్చుశాల కుర్రకారు సందేహాలు అడగడానికి రావడం మొదలుపెట్టారు. ఆమె లోపల నుంచి చెప్పేది, వాళ్లు రాసుకునేవాళ్లు. దిద్దడానికి మాత్రం ఆమె నోరు చెల్లదు.

"ఏం సుఖపడుతున్నావే ఇందులో?" అంది కరీమున్నీసా ఒకరోజు, అన్నం అరలో పెడుతూ.

"కూర ఏంటివాళ?"

"మాట మార్చకు."

"రోజూ భోజనానికి వస్తాడా?"

"ఎవరు? వస్తాడు. ఎవరూ పక్కన కూర్చోరు. అందరూ వెళ్లాక వస్తున్నాడు ఈ మధ్య."

"తెలుసు," అంది వకుళ.

అందరితో కలిసి వస్తే ఆ తలుపు చెప్పే మాట గుంపుకు చెప్పినట్టు ఉండేది. ఆలస్యంగా ఒక్కడూ వస్తే ఆయనకే చెప్పేది. కోదండపాణికి ఇప్పుడు ఊళ్లో తెరుచుకోని తలుపు లేదు. అచ్చుశాలకు వెళ్తే తలుపు తెరుచుకుని ఆమె పేరు చెప్పింది. ఇంటికి వెళ్తే చెప్పింది. స్నానాలగది చెప్పింది. మిగతావాళ్లకు కొన్నాళ్లకు అది వినపడటం మానేసింది. ఆయనకు మానలేదు.

పంటగదుల్లో రెండో కోత అయ్యాక ఒక మధ్యాహ్నం ఆయన భోజనశాల నుంచి తిరిగి వెళ్తూ ఆమె జాలీ ముందు ఆగాడు. చిక్కిపోయాడు.

"వకుళా."

"వినపడుతోందండీ."

"సభకు వెళ్తాను. ఆ రోజు చెప్పింది అబద్ధమని చెబుతాను. గదిలో పడేసరికి భయపడి చెప్పానంటాను. నువ్వు అడ్డుచెప్పకపోతే చాలు. కర్త అని మళ్లీ నా పేరు పెడతారు."

"లోపల పడతారు."

"పడతాను. నువ్వు బయటికి వస్తావు. నీకూ మంచిదేగా."

"మీకు తలుపులన్నీ తెరుచుకుంటున్నాయిగా."

"తెరుచుకోకపోతేనే బాగుంటుంది," అన్నాడు. జాలీకి రెండు చేతులూ ఆనించాడు. "గదిలో ఉన్నన్నాళ్లూ బయట నా పేరు నడిచేది. నా భార్య బయటికి పోయినా లోపలికి వచ్చినా వినేవాణ్ని. అన్నం తినేవాణ్ని. నిద్ర పట్టేది. నీకు తెలియదు అది ఎట్లా ఉంటుందో."

ఆ మనిషి ఆ పేరు వదలడని యంత్రం ముందు వకుళ వేసుకున్న లెక్క తప్పు కాదు. నిజం కావడానికి కాస్త టైము పట్టింది.

"ఒప్పుకుంటావా?" అన్నాడు.

"ఆలోచించుకోనివ్వండి. వెళ్లి రండి."

కోదండపాణి జాలీ వదిలి కదిలాడు. నడవ తలుపు ఆయన్ని చూసి తెరుచుకుంది. "కర్త జొన్నాడ వకుళ," అంది. ఆయన అవతలికి దాటాడు. తలుపు మూసుకుంది.

వకుళ జాలీకి నోరు ఆనించి గట్టిగా పిలిచింది. "ఇదుగో! మిమ్మల్నే!"

తలుపు మళ్లీ తెరుచుకుంది. "కర్త జొన్నాడ వకుళ," అంది. కోదండపాణి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఒప్పుకున్నట్టేనా?"

"ఏం లేదు," అంది వకుళ. "వెళ్లండి."

ఆయన ఆమె మొహం చూశాడు. వెనక్కి తిరిగాడు. తలుపు తెరుచుకుని ఆమె పేరు చెప్పి, ఆయన దాటగానే మూసుకుంది.

వకుళ మళ్లీ పిలిచింది.

ఆయన మళ్లీ వచ్చాడు.